బంటి వినే మాట

కొత్తపేట,
అక్టోబరు 2011

సూర్యప్రభ వదినా,

విజయవాడ వెళ్లిపోతూ మీరు నాకు అప్పగించిన మీ కుక్క బంటికి, కూర్చోమంటే కూర్చోవడం నేర్పాలని నెల రోజులుగా తంటాలు పడుతున్నాను. బిస్కెట్లు చూపించాను, లివర్ ముక్కలు వేశాను, బంతి కొన్నాను. ఎన్నిసార్లు "కూసో" అన్నా నా వైపు కూడా చూడలేదు. నిన్న మా అమ్మాయి మౌనిక సరదాగా మీలా, "ఇలా రామ్మా, కూర్చో నాన్నా" అంది. బంటి పరుగెత్తుకొచ్చి కూర్చుంది. కాసేపటికి గేటు వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

తెలంగాణ కోసం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజున మీరూ వచ్చి, "ఇంకొంచెం వేసుకోండి" అంటూ అందరికీ అన్నం వడ్డించారు. "గీ ఆంధ్ర మాటలు మాకొద్దు, మీ ఊరికి పోయి మాట్లాడుకో" అన్నాను నేను. మీరు గరిటె కింద పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు బంటిని మీ మాటతోనే పిలుస్తున్నాను. వస్తుంది కానీ, నన్ను చూడగానే తల తిప్పేసుకుంటుంది. ఒక్కసారి వచ్చి పిలవండి వదినా. ఈసారి నేనూ వింటాను.

మీ పక్కింటి ఆడబిడ్డ