తల కదిలిందని రాశాను

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అమ్మ, పిల్లలు బాగున్నారు. నాన్న సంగతి కాస్త ఆగి రాస్తాను, కంగారు పడకు.

నేను పనిచేసే స్కానింగ్ గదిలో ఊపిరాడుతుందా అని అడిగావు. ఆడుతుంది. మోతే ఎక్కువ, అందుకే పడుకున్నవాళ్ల చెవుల్లో దూది పెడతాం. కొత్త స్కాను ఏమిటని కూడా అడిగావు. మామూలు స్కాను మెదడు ఆకారం చూపిస్తుంది. ఇది మెదడులో ఏ చోట ఏ రసాయనం ఎంతుందో గీతల్లో చూపిస్తుంది. రోగుల గీతలతో పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి కూడా కావాలి. "నాకేం రోగం, నన్ను పడుకోబెట్టు" అంటూ నాన్న తనే వచ్చారు.

పోయిన ఉత్తరంలోనే రాయాల్సిన మాట ఇది, అక్కా. చెయ్యి రాలేదు.

నాన్న గీతలు తెర మీదికి వచ్చాయి. కుడివైపు ఒకచోట, నరాల కణాలు బాగున్నాయని చెప్పే గీత కుంగిపోయి ఉంది. కణాలు అతిగా పెరిగేచోట లేచే గీత నిటారుగా నిలబడింది. రోగుల్లో అలాంటివి ఎన్నో చూశాను. అయినా రిజిస్టర్లో "తల కదిలింది, పనికిరాదు" అని రాసి పక్కన పెట్టేశాను. ఇంటికొచ్చి అంతా బాగుందని చెప్పాను. పదకొండు రోజులు అలాగే గడిపాను. నాన్న చేతిలోంచి చెంచా జారినా నా గుండె జారిపోయేది.

పన్నెండో రోజు పొద్దున ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక అమ్మను పిలిచారు. ఇక ఆగలేకపోయాను. మా స్కానింగ్ డాక్టరమ్మ దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆవిడ గీతలు చాలాసేపు చూసి, "ఇవాళే తీసుకురా" అన్నారు.

నాన్నతో మాత్రం, "పోయినసారి తల కదిలింది, మళ్లీ తీయాలి" అన్నాను.

"నేను కదల్లేదే" అన్నారు. "నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి. కదలకుండా ఉండటం నాకు నువ్వు నేర్పాలా?"

"కదల్లేదు నాన్నా. నేనే అబద్ధం రాశాను."

"ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండోసారీ అదే చోట అదే గీత. కణితి చిన్నదేనట, తీసేయగలమంటున్నారు. పదకొండు రోజుల ఆలస్యంతో మించిపోయిందేమీ లేదని డాక్టరమ్మ అంటున్నారు. నాకే నమ్మకం కుదరడం లేదు.

బుధవారం ఆపరేషన్. అమ్మకు కణితి సంగతి తెలుసు, నేను దాచిన సంగతి తెలియదు. నువ్వొస్తే నీ పక్కన కూర్చుని చెబుతాను. నన్ను తిట్టాలనిపిస్తే జవాబు రాయకు, వచ్చి తిట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు