నిమ్మకాయల మసిగుడ్డలు

అమ్మాయ్, సంచి సర్దకు. ముందు ఇది చదువు.

నిమ్మకాయల బొమ్మలున్న మసిగుడ్డలు మిషను మీద పెట్టాను. ఇప్పుడున్నట్టుగా వాటిలో ఒక్కటి కూడా స్టాలుకి రాకూడదు. దూది అయిపోతే లోపల స్పాంజి పెట్టి కుట్టేశావు, నాతో ఒక్క మాటైనా అనలేదు. పొద్దున ఒకదానితో పాలగిన్నె దించబోయాను. స్పాంజి కరిగి గుడ్డంతా అంటుకుపోయింది. లేపితే నోరు జారుతానని నిన్ను లేపలేదు.

మిగిలిన ఏడింటికీ ఒక వైపే కుట్టు విప్పు. స్పాంజి లాగేసి, నా పాత నూలు దుప్పటి కత్తిరించి నాలుగు పొరలు పెట్టు. దుప్పటి పోతుందని చూడకు. ఎనిమిదోది మిగిలిన నిమ్మకాయల గుడ్డముక్కతో కొత్తగా కుట్టు. ప్రతిదానితోనూ వేడి పెనం పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టు.

వంటల కాంట్రాక్టరావిడ పన్నెండింటికి ఎనిమిది సెట్ల కోసం వస్తుంది. ఏప్రన్లు, టవళ్ళు నేను తీసుకెళ్తున్నా. మసిగుడ్డ లేని సెట్టు ఆవిడ ముట్టుకోదు. ఆవిడ వంటవాళ్ళ చేతులు కాలాయో, ఇక మన మొహం చూడదు. పదకొండున్నరకల్లా వచ్చెయ్.

కుట్టు మాత్రం గీత గీసినట్టుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది.

అత్త

అన్నట్టు, నా ఎడమచెయ్యి బొబ్బలెక్కింది. మా వాడు చూసి అడిగాడు. తొందరలో గుడ్డ లేకుండానే గిన్నె పట్టుకున్నానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.