గోడకు ఎదురుగా

అన్నయ్యా,

జిప్సీ జాజ్ వాయించడానికి చేత్తో చేసిన గిటారు కోసం మూడు వారాలు ఒక దుకాణం చుట్టూ తిరిగాను. విన్నదంతా ఏ రోజుకారోజు పుస్తకంలో రాసుకుని, చివరికి మోత బయటికొచ్చే రంధ్రం చిన్నగా ఉన్నది కొన్నాను. నిన్న నువ్వు లేనప్పుడు మీ ఇంటికొచ్చి, వదిన వయొలిన్ పక్కన దాన్ని వాయిస్తే, "ఏం మరిదీ, వాయిస్తున్నావా, జోకొడుతున్నావా?" అంది. ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక అర్థమైంది. దుకాణంలో ఎప్పుడూ గోడకు ఎదురుగా కూర్చున్నాను. గోడ తిప్పికొట్టిన మోతను గిటారు గొప్పతనమనుకున్నాను. రాసిందంతా దండగ.

మార్చుకోవడానికి శనివారం దాకానే గడువు. ఈసారి దూరంగా కూర్చుని వినాలి, ఇంకొకరు వాయించాలి. గురువు లేకుండా ఒకే గిటారు మీద నేర్చుకున్నాం కాబట్టి, నా చేతిలా పడేది నీ చెయ్యే. మనం మాట్లాడుకోక ఏడాదైంది. దుకాణానికి వచ్చి వాయించు చాలు, మాట్లాడనక్కర్లేదు. నేను గదికి ఆ చివర కూర్చుంటాను.

నీ తమ్ముడు