కొంగలంక టీవీ టవరు ఉన్న చోటు

శ్రీయుత ప్రత్యేకాధికారి గారికి,
జిల్లా విజ్ఞాన సర్వస్వం కార్యాలయం, ఏలూరు.

విషయం: కొంగలంక టీవీ రిలే కేంద్రానికి సర్వస్వంలో చోటు నిరాకరించుటను గూర్చి, మరియు ఆ నిరాకరణ వెనుక ఎవరున్నారో విచారించుటను గూర్చి.

అయ్యా,

నేను కొల్లేటిలో చేపలు పట్టి బతికే కొంగలంక మత్స్యకారుల సంఘం కార్యదర్శిని. తమ సమక్షమునకు విన్నవించునది ఏమనగా:

1. మా ఊరి రిలే కేంద్రం "స్వల్ప శక్తి కలది, సొంత కార్యక్రమమేదీ ప్రసారం చేయనిది, పత్రికలలో ప్రస్తావన లేనిది, కావున వ్యాసమునకు అర్హము కాదు" అని తమ కార్యాలయం వారు తెలియజేసియున్నారు. మూడు మాటలూ నిజమే. నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. మా ఊరి గురించి తప్పు లేకుండా ఒక ప్రభుత్వ కాగితం రావడం ఇదే మొదలు. ఎవరో దగ్గరుండి రాయించారు.

2. మాకూ పడమటి జువ్వలంక వారికీ వలల దగ్గర గొడవలు వచ్చినప్పుడు పెద్దలు కూర్చుని హద్దు చెప్పారు. కొల్లేటిలో కర్ర పాతితే గుర్రపుడెక్క తోసుకుపోతుంది. అందుకని టవరును గుర్తు పెట్టారు. ఊరికి దక్షిణాన కొల్లేటిలో దోనె మీద నిలబడి ఉత్తరానికి చూస్తే, ఊరి నీళ్ల ట్యాంకు వెనక టీవీ టవరు దాగిన వరసే హద్దు. దానికి తూర్పు మాది, పడమర వారిది. సర్కారు టవరును ఎవరూ రాత్రికి రాత్రి జరపలేరని పెద్దల ధీమా. సర్కారే విప్పి తీసుకుపోతుందని వారు అనుకోలేదు. వేసవిలో కొల్లేరు ఎండితే నీరు నిలిచేది ఒక్క మడుగులోనే. ఆ మడుగు హద్దుకు ఇవతల, మా వైపున ఉంది. మా ఊరి వేసవి తిండి అదే. ఇప్పుడు టవరు లేదు గనుక హద్దూ లేదని జువ్వలంక వారు మడుగులో వలలు వేస్తున్నారు. టవరు ఎక్కడుండేదో సర్కారు అచ్చువేసినది ఏదైనా చూపితే న్యాయం చేస్తామని చేపల శాఖ వారు అన్నారు. అందుకే తమ గుమ్మం ఎక్కాను.

3. తమ కార్యాలయంలో క్యాథరిన్ గారు నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగారు.

"ఏవండీ, ఆ కేంద్రంలో ఏం ప్రోగ్రాములు తీసేవారండీ?"

"ఏమీ తీయలేదండీ. పైనుంచి వచ్చింది పట్టి మా ఇళ్లకి వదిలేదండీ."

"అంటే గరాటా లాంటిదన్నమాట. గరాటాకి వ్యాసం ఎందుకండీ?"

"ఈ మాట మీదేనాండీ, ఎవరైనా చెప్పారాండీ?"

"సలహాదారు క్రాంతి కుమార్ గారు అన్నారండీ. బాగుంది కదాని వాడాను."

4. సదరు క్రాంతి కుమార్ గారిది జువ్వలంక. చేపల చెరువు ఆసామి. భీమడోలు రైలు స్టేషనులో నాకు ఎదురుపడి, "ఏంటి దుర్గారావు గారూ, లేని టవరుకి పెళ్లి చేస్తన్నారంట?" అన్నారు.

"మీకెందుకండీ అంత పట్టింపు?"

"నాకేవుందండీ, పుస్తకం బరువెక్కిపోద్దని."

పుస్తకం బరువు గురించి బెంగపడే చెరువు ఆసామిని నేను ఇంతవరకు చూడలేదు. టవరు పోయాక దాని సిమెంటు దిమ్మ కొన్నాళ్లు ఉంది. తరువాత అదీ మాయమైంది. ఎవరు తీశారో నేను చూడలేదు గనుక రాయను. ఆయన చెరువు గట్టుకు గండి పడిన చోట మాత్రం సిమెంటు ముక్కలు కొత్తగా కనబడుచున్నవి.

5. ఆ కేంద్రంలో టెక్నీషియనుగా చేసిన భీమడోలు ఖలీల్ గారిని సాక్షిగా చూపుచున్నాను. ఆయన అన్న మాట ఇది: "సర్వీసంతా అక్కడే చేశానండీ. అది లెక్కలోకి రాదంటే నేనెక్కడ పనిచేసినట్టండీ? రోజూ టిఫిన్ బాక్సు ఎక్కడికి పట్టుకెళ్లారని మా ఆవిడ నజ్నీన్ అడుగుతోంది." క్రాంతి కుమార్ గారింట్లో డిష్ బిగించింది కూడా ఈయనేనని తెలిసి మొదట నేను ఈయన్ని నమ్మలేదు. ఆ డిష్ సరిగా రావడం లేదని తెలిసిన మీదట సాక్షిగా రాయుచున్నాను.

కావున తమరు దయచేసి మా కేంద్రానికి వ్యాసం ఇప్పించగలరు. ఎత్తు, శక్తి, ప్రారంభోత్సవం ఏమీ అక్కరలేదు. "ఊరి నీళ్ల ట్యాంకుకు సరిగ్గా ఉత్తరాన, మురుగుకాలువ ఒడ్డు దిబ్బ మీద ఉండెడిది" అన్న ఒక్క వాక్యం చాలు. ఈ అర్జీని సలహాదారులకు పంపక, తమరే చదివి చిత్తగించవలెనని కోరుచు,

సంఘం తరఫున తమ విధేయుడు,
నాగదుర్గారావు,
కొంగలంక.

తా.క.: దీన్ని కవరులో పెట్టబోతుండగా క్యాథరిన్ గారు ఫోను చేశారు. "మీ టవరు ఓకే అయిందండీ. ఫుల్ పేజీ. క్రాంతి కుమార్ గారే పట్టుబట్టి ఒప్పించారు, ఫొటో కూడా ఆయనే ఇచ్చారండీ. ఇప్పుడైనా నవ్వండి."

ముందు ఫొటో పంపమన్నాను. పంపారు. అది మా టీవీ టవరు కాదు, సెల్ టవరు. జువ్వలంక వైపు, ఆయన చెరువు గట్టు మీద ఉంది. పైన రెండో అంశం మళ్లీ చదవండి. ట్యాంకు కదలదు. అచ్చులో వెనక టవరు పడమటికి పోతే, ముందు హద్దు తూర్పుకు వస్తుంది. మడుగు వాళ్లదవుతుంది.

కాబట్టి వ్యాసం ఇమ్మని పైన అడిగింది ఆపండి. మీరు స్వయంగా వచ్చి చూసేదాకా ఏదీ అచ్చు వేయకండి. మా తమ్ముడు సత్తిబాబు రేవులో దోనె సిద్ధంగా ఉంచుతాడు. భోజనం మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. మా ఇంట్లో చేపల పులుసు తిన్నారని తెలిస్తే వాళ్లు మీ మీద అర్జీ పెడతారు. వాళ్లింట్లో తింటే నేను పెడతాను.