రేపల్లె జాకెట్టు

తెనాలి,
18-7-2006, మంగళవారం.

ప్రియమైన జహీరాకు,

అక్క దుర్గాంబ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను. మీ అత్తగారి మోకాలు ఎలా ఉందో రాయి.

కుట్టు తరగతి సంగతి రాస్తున్నాను. తెనాలిలో కెమెరా ముందు నేను చెబుతున్న పాఠం అప్పటికప్పుడు టీవీలో చూస్తూ మీ రేపల్లె కేంద్రంలో కుట్టిన పన్నెండు జాకెట్లకూ హుక్కుల పట్టీ కుడివైపు బదులు ఎడమవైపు పడింది. సహాయకురాలి అజాగ్రత్తే అని నిన్ను మాన్పించి ఇరవై రెండు రోజులైంది. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్. అక్కడ ఎవరిని పెట్టాలో కేంద్రాలన్నీ చూసే బసవేశ్వరరావు సార్ శనివారం తేలుస్తారట.

అదే పాఠం చూసినా జాకెట్లు సరిగ్గా కుట్టిన బాపట్ల కేంద్రానికి మొన్న గురువారం వెళ్ళాను. అక్కడి సహాయకురాలు రిబ్కా ఆ పాఠం క్యాసెట్టే మళ్ళీ వేసింది. ఊరికే కూర్చోవడమెందుకని నేనూ ఒక గుడ్డ తీసుకుని, టీవీలో నా చేతులు నేనే చూస్తూ పట్టీ వేశాను. రిబ్కా వంగి చూసి, అమ్మగారూ, మీరూ రేపల్లె జాకెట్టే కుట్టారండీ అని ఒకటే నవ్వు. చూద్దును కదా, పట్టీ ఎడమవైపు ఉంది. మరి మీవాళ్ళకి సరిగ్గా ఎలా వచ్చిందమ్మా అన్నాను. టీవీని నమ్ముకుంటే కదండీ, నా పాత జాకెట్టు చేతికిచ్చి అది చూసి కుట్టమన్నాను అంది.

తెనాలి తరగతిలో ఆడవాళ్ళు నా భుజం వెనక నిలబడి చూస్తారు. నా కుడి వాళ్ళకీ కుడే. ఇటు వేయండి అంటే చాలు. కెమెరా నాకు ఎదురుగా ఉంటుంది, నా కుడి మీకు ఎడమవైపు కనిపిస్తుంది. పదేళ్ళుగా నేర్పుతున్నాను, ఇది తట్టలేదు.

ఇకనుంచి కెమెరాను నా వెనక, భుజం ఎత్తున పెట్టమన్నాను. ఇటు, అటు అనను. కుడిచేతి వైపు అంటాను. అర్థమైందా అని అడగడం కూడా మానేస్తున్నాను. అడిగితే ఎక్కడైనా అయిందండి అనే అంటారు. ఇక్కడైతే మొహం చూసి పోల్చుకుంటాను, టీవీ అవతలి మొహం నాకు కనపడదు. ప్రతి కుట్టు తర్వాత ఆగుతాను. సహాయకురాలు గుడ్డలన్నీ చేత్తో పట్టి చూసి, ఫోన్ చేశాకే తర్వాతి కుట్టు. ఇందులో ఇంకా లోపాలుంటే నువ్వే చెప్పాలి. అవతల కూర్చుని చూసినదానివి నువ్వు.

శనివారం పదింటికి తెనాలి ఆఫీసుకు రా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
మీ అక్క
దుర్గాంబ

తా.క. పైన రాయలేక ఇక్కడ రాస్తున్నాను. నీమీద సార్‌కు ఫిర్యాదు రాసిచ్చింది నేనే. జహీరా పాఠం చూడకుండా కబుర్లు చెబుతోంది అని రాశాను. నామీద ఎవరో చెప్పారక్కా అని నువ్వు ఏడిస్తే, ఎవరై ఉంటారమ్మా అని కూడా అన్నాను. నిన్న సార్‌కు ఇంకో కాగితం ఇచ్చాను, నకలు దీంతో పెట్టాను. మొదటి కాగితంలో నేను రాయకుండా వదిలేసిన సంగతి అందులో ఉంది. ఆ రోజు పాఠం మధ్యలో నువ్వు ఫోన్ చేసి, అక్కా, ఇటు అంటే ఎటు అని అడిగావు. టీవీ చూడమ్మా అని నేను ఫోన్ పెట్టేశాను.