ఇంటి రకం

మార్చి 4
పాపకి ఎనిమిది నెలలు. బరువు ఐదు కిలోల రెండు వందలు. నర్సు బరువు కార్డులో చుక్క పెట్టింది. అన్నిటికంటే కింది గీతకి కూడా కింద పడింది. ఏం పెడుతున్నావని అడిగింది. నా పాలు, రెండు పూటలా జావ, అందులో పల్లీ పొడి అన్నాను. మరి తింటున్నదంతా ఎటు పోతోందమ్మా అని నవ్వింది. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మకి రోషం వచ్చింది. పల్లీ మిల్లులో పనిచేసే ఇంట్లో పల్లీలకి కరువా అంది. ఇవాళ్టి నుంచి రెండు చెంచాలు కాదు, నాలుగు.

మార్చి 5
మిల్లులో బెల్టు మీద ఇవాళ నల్ల గింజలు ఎక్కువ. ముడతలు పడ్డవి, బూజు పట్టినవి ఏరి పక్కకి తోశాం. అయినా లాట్ లాబ్‌లో ఫెయిల్. బయటి దేశం కొనదు. సూపర్‌వైజర్ దాన్ని రిజెక్ట్ అంటాడు. మేం ఇంటి రకం అంటాం. సాయంత్రం తలా ఒక సంచి పట్టుకెళ్లొచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకి రెండు. నాకూ అలాగే ఇచ్చారు, తొమ్మిది నెలలూ తిన్నాను. ఇంటికెళ్లాక మళ్లీ ఏరతాను, కడుగుతాను, వేయిస్తాను. పదకొండేళ్లుగా ఏరుతున్న చెయ్యి. చెడ్డ గింజ దీన్ని దాటిపోదు.

మార్చి 9
ఆరు చెంచాలు. పాప కక్కేసింది.

మార్చి 11
భోజనాల దగ్గర లాబ్ అమ్మాయి పక్కన కూర్చుంది. కొత్తగా చేరింది, అందర్నీ అక్కా అంటుంది. పాప సంగతి చెప్పాను. తినేది ఆపేసింది. రిజెక్ట్ లాట్ పశువులకి కూడా పెట్టకూడదక్కా, మీరు ఇళ్లకి పట్టుకెళ్తారని నాకెవరూ చెప్పలేదు అంది. ఆ పొడి కాస్త తెమ్మంది.

మార్చి 12, మధ్యాహ్నం 2
లాబ్ మెషిన్ మీద అంకె నాలుగు దాటితే లాట్ ఆపేస్తారు. నా డబ్బాలో పొడి అరవై మూడు.
నా ఏరుడు మీదే అనుమానమా అని పోట్లాడాను. బూజు కంటికి కనిపిస్తుందక్కా, అది వదిలిన విషం కనిపించదు అంది. నిగనిగలాడే గింజలోనూ ఉంటుందట. కడిగితే పోదట. వేయించినా పూర్తిగా పోదట. తల్లి తింటే బొడ్డుతాడు గుండా కడుపులో బిడ్డకి చేరుతుందట. పాలలోకీ వస్తుందట.

మార్చి 13
పొడి ఆపేయమంది డాక్టర్. నన్నూ తినొద్దంది. ఎదుగుదల ఆగడానికి ఇదొక్కటే కారణమని రాసివ్వలేనంది. పాలు మాత్రం మానిపించొద్దు, నువ్వు తినకపోతే కొద్ది రోజుల్లో పాలు బాగవుతాయి అంది. ఎదగాల్సిన ఎత్తు ఎదుగుతుందా అన్నాను. చూద్దాం అంది.
అత్తమ్మ నమ్మలేదు. నీ మొగుణ్ణి ఇదే పెట్టి పెంచాను, వాడికేమైంది అంది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. మిల్లులో ఆయన్ని ఎత్తు చూసి అరసంచి అంటారు. ఎవరమూ నవ్వలేదు.

మార్చి 16
లైన్‌లో అందరికీ చెప్పాను. రెండు ముక్కలు నేర్చుకుని డాక్టరమ్మవైపోయావే అన్నారు. పక్క సీటు ఆవిడకి ఐదో నెల. అయితే నీ వాటా కూడా నాకే అంది. నేను ఇవ్వలేదు. సూపర్‌వైజర్ ఇచ్చాడు. మూడు సంచులు మోసుకెళ్లింది.

మార్చి 20
పాప పాలకి ఏడుస్తోంది. ఇస్తున్నాను. ఇస్తూ దాని మొహం చూడలేకపోతున్నాను. నేను పల్లీలు మానేసి వారం. కొద్ది రోజులంటే ఎన్ని? నా పాలు పరీక్ష చేయమని లాబ్ అమ్మాయిని శాంపిల్ సీసా అడిగాను. పాలు మన మెషిన్‌లో చెయ్యరక్కా అంది. సీసా అయితే ఇచ్చింది.

మార్చి 21, ఉదయం 6
పాలు పిండి సీసాలో పట్టాను. లేబుల్ మీద లాట్ నంబర్ అని గడి ఉంది. పాప పేరు రాశాను.