మాడుగుల నుంచి వెనక్కి

చోడవరం, ఆదివారం రాత్రి

పాడేరు దాకా నడిచెళ్దామన్నది నేనే. పద్మ, రమణమ్మల ఇళ్ళకెళ్ళి వాళ్ళ మొగుళ్ళని ఒప్పించిందీ నేనే. నిన్నంతా నడిచి రాత్రి మాడుగులలో పడుకున్నాం. పొద్దున్న లేచేసరికి నా మోకాలు వాచిపోయింది. ఓ గంట ఆగితే సర్దుకుంటాదేమో అన్నాను.

"ఎండెక్కిపోతాదే. నువ్వు ఆటోలో ఇంటికెళిపో," అంది పద్మ.

రమణమ్మ నా సంచిలోంచి సున్నుండల డబ్బా తీసుకుని, "నీకింక అక్కర్లేదు కదేటి," అంది. ముగ్గురి కోసమని నేను చేసినవి అవి.

ఇంటికి రాగానే ఆయన, "నువ్వొక్కదానివే వచ్చేసేవేటి?" అన్నారు.

"లేదండీ, నాకు కాలు నొప్పని వాళ్ళూ వెనక్కొచ్చేసేరు," అన్నాను. ఎందుకలా అన్నానో. ఇన్నేళ్ళ స్నేహం ఆయన ముందు చులకనైపోకూడదని కాబోలు.

సాయంత్రం రమణమ్మ స్టేటస్ పెట్టింది. ఘాట్ రోడ్డు మీద ఇద్దరూ సున్నుండలు తింటూ నవ్వుతన్నారు. నాకంటే ముందు ఆయనే చూసేరు. నాలుగు మాటలనుంటే నేనూ తిరిగి నాలుగనేదాన్ని. ఆయన ఫోన్ పక్కన పెట్టి, వేడినీళ్ళు తెచ్చి, నా మోకాలికి కాపడం పెట్టడం మొదలెట్టేరు.

"తగ్గేక మీ ముగ్గురూ మళ్ళీ బయల్దేరుదురుగాని. పాపం, వాళ్ళ నడక కూడా ఆగిపోయింది కదా," అన్నారు, చాలా మెల్లగా.

సరేనన్నాను. ఆయన మొహంలోకి చూడలేకపోయేను.